రెండు రోజులు ముందుకు

ఒడిశాలోని మునిగుడ స్టేషన్ రోడ్డులో కిరాణా హోల్‌సేల్ కొట్టు నడిపే మహేశ్వరరావుకి ఇంగ్లీషంటే ప్రాణం. ఊళ్ళోని తెలుగు కుటుంబాల సంఘానికి ఆయనే కార్యదర్శి. సంఘం వాట్సాప్ గ్రూపులో ఏ కబురైనా ఇంగ్లీషులోనే పెట్టేవాడు. దానికో కారణం లేకపోలేదు. పెద్దవాళ్ళలో చాలామందికి ఒడియా చదవడం రాదు, పిల్లలకేమో తెలుగు అక్షరాలు రావు. అటూ ఇటూ కాకుండా మధ్యలో ఇంగ్లీషు మిగిలింది. కాకపోతే ఆయన ఇంగ్లీషు కలెక్టరు ఆఫీసు నుంచి నేరుగా దిగినట్టు ఉండేది. చందాలు తెమ్మన్నా, చీపుర్లు తెమ్మన్నా చివర్లో "డూ ద నీడ్‌ఫుల్" అని తగిలించేవాడు.

ఆ నీడ్‌ఫుల్ ఏమిటని అడిగేవాడు బియ్యం వ్యాపారి బాపిరాజు ఒక్కడే. వరసకి ఇద్దరూ బావాబావమరదులు. బాపిరాజుకి ప్రతి మాటలోనూ తిరకాసు వెతకడం చిన్నప్పటి నుంచీ అలవాటు. భోజనాలు ఒంటిగంటకి అంటే, "వడ్డించడమా, వండడం మొదలెట్టడమా?" అనేవాడు. అందుకే అతన్ని ఏ పనికీ సలహా అడిగేవారు కాదు.

ఆ ఏడు కార్తిక పున్నమి శుక్రవారం పడింది. బిస్సమ్ కటక్ వెళ్ళే దారిలో ఉన్న ఉసిరితోటలో వనభోజనం అనుకున్నారు. స్టేషన్ వైపు ఇళ్ళవాళ్ళు బాపిరాజు పెద్దరికంలో అన్నం, పులిహోర వండి తేవాలి. బజారు వైపు వాళ్ళు పప్పు, కూరలు, పులుసు తేవాలి. సోమవారం నాడు తోటగలాయన ఫోను చేసి, కోసిన వరి ఇంకా అక్కడే ఉంది, ఆదివారానికి ఖాళీ చేస్తానన్నాడు. మహేశ్వరరావు వెంటనే గ్రూపులో ప్రకటన పెట్టాడు. అనివార్య కారణాల వల్ల వనభోజనం "పుష్డ్ ఫార్వర్డ్ బై టూ డేస్" అని, అందరూ నీడ్‌ఫుల్ చేయమని.

బుధవారం పొద్దున్న బాపిరాజు, స్టేషన్ వైపు వాళ్ళందరూ గుండిగలతో తోటకి వెళ్ళారు. అక్కడ వరి పనలు తప్ప మనిషి లేడు. ఒక పక్కన చాపలు పరుచుకుని ఎదురు చూశారు. ముందుగా ఫోను చేస్తే చిన్నతనమని బాపిరాజు ఎవరినీ చేయనివ్వలేదు. రోడ్డు మీద ఏ ఆటో చప్పుడైనా పప్పు వస్తోందనుకున్నారు. రాలేదు. చివరికి అన్నంలో పులిహోర నంజుకుని తిని, ఎవరిమీద కోప్పడాలో తెలియక బాపిరాజు మీద కోప్పడి ఇళ్ళకి చేరారు.

మర్నాడు తెల్లారేసరికి బాపిరాజు కొట్టు ముందు నిలబడ్డాడు.

"ఏటి బావా, మమ్మల్ని తోటకి తోలీసి నువ్విక్కడ బెల్లం తూస్తన్నావా?"

"తోటకెవులు ఎల్లమన్నారు? ఆదివారం కదేటి!"

"రెండ్రోజులు ముందుకన్నావా, నేదా? శుక్కురోరానికి రెండ్రోజుల ముందు బుధోరం కాదేటి?"

"ముందుకి జరపడమంటే అవతలికి జరపడం. నువ్వు స్టేషన్‌కేసి ముందుకి నడిస్తే ఎనక్కొస్తావేటి?"

"నీ ఇంగిలీషుకో దండం. మా వనభోజనం అయిపోయింది. మరి రాము." బాపిరాజు గొడుగు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

తప్పు ఒప్పుకోవడం మహేశ్వరరావుకి చేతకాలేదు. అలాగని అన్నం లేకుండా ఎలా? శనివారం సాయంత్రం దాకా చూసి, మర్యాద చెడకుండా ఓ మెసేజి పంపాడు: "యూ విల్ నాట్ బ్రింగ్ రైస్ టుమారో?" రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది: "యెస్."

మహేశ్వరరావు పొంగిపోయాడు. "సూసేవా, దిగొచ్చేడు. తెస్తాడట," అని భార్య బాలామణికి ఫోను చూపించాడు.

ఆదివారం ఉసిరిచెట్ల కింద గుత్తివంకాయ, కందా బచ్చలి, గుమ్మడికాయ పులుసు, ముద్దపప్పు, రెండు రకాల పచ్చళ్ళు బారులు తీరాయి. విస్తళ్ళు వేశారు. అన్నం రాలేదు. పిల్లలు వంకాయలు ఉత్తవే తినడం మొదలుపెట్టారు. మహేశ్వరరావు రోడ్డు మీదికి వెళ్ళి చూడటం, రావడం, మళ్ళీ వెళ్ళడం. బాలామణికి ఓపిక పోయింది.

"ఈ పులుసు గ్లాసుల్లో పొయ్యమంటారేటి?" అని, ఆయన జవాబు కోసం చూడకుండా బాపిరాజు భార్య గున్నమ్మకి ఫోను చేసింది. "వదినా, అన్నం బయల్దేరిందా?"

"ఏ అన్నం? తెచ్చీది నేదని మీ అన్నయ్య నిన్ననే సెప్పేసేరు కదా!"

"తెస్తానని పెట్టేరట కదమ్మా!"

"ఓలమ్మో!" అంది గున్నమ్మ. ఆ తర్వాత ఫోను పెట్టేసి మొగుడితో ఏమందో తెలియదు గానీ, కాసేపటికి ఆటోలో బియ్యం బస్తా, గుండిగలు, వాటి మధ్య ముడుచుకుని బాపిరాజు, వెనక స్టేషన్ వైపు జనం తోటకి వచ్చి దిగారు. రాళ్ళు పేర్చి ఎసరు పెట్టారు.

అన్నం ఉడికేదాకా చేసేదేమీ లేక అందరూ ఆ ఇద్దరి చుట్టూ మూగారు. రాయగడ బ్యాంకులో పనిచేసే మహేశ్వరరావు కూతురు విజయదుర్గ ఇద్దరి ఫోన్లూ తీసుకుని పైకి చదివింది.

"నువ్వు తేవా అని కదేటి అడిగేవు?" అన్నాడు బాపిరాజు. "ఔను, తేను. అందుకే యెస్సన్నాను."

"ఇంగ్లీషులో అడిగితే ఇంగ్లీషులోనే అర్థం సేసుకోవాల. యెస్ అంటే తెస్తాననే!"

"యెస్సంటే తెస్తానని అనుకున్నోళ్ళు చేతులెత్తండి," అంది విజయదుర్గ. సగంమంది ఎత్తారు. తేను అన్నవాళ్ళు మిగతా సగం. ముందుకు అంటే బుధవారమా, ఆదివారమా అని అడిగితే అక్కడా సగం సగమే. రెండు అర్థాలకీ చేతులెత్తినవాళ్ళు కూడా కనిపించారు.

"నాన్నా, ఇంత సదువుకున్నోళ్ళు ఇంతమంది సగం సగం అయ్యేరంటే తప్పు సదివినోళ్ళది కాదు," అంది విజయదుర్గ. "ఇకనించి నువ్వు ఏది రాసినా ముందు బాపిరాజు మావయ్యకి పంపు. రెండు అర్థాలు తియ్యడంలో ఆయన్ని మించినోళ్ళు మన ఊళ్ళో లేరు. ఆయనకి కూడా ఒక్కటే అర్థం దొరికితే, అప్పుడు గ్రూపులో పెట్టు."

బాపిరాజు ఉబ్బిపోయాడు. అది తిట్టో పొగడ్తో తేల్చుకోవడానికి కొంచెం ఆలోచించి, పొగడ్తే అని తేల్చుకున్నాడు. మహేశ్వరరావు మొహం మాత్రం గంజి పెట్టిన పంచెలా బిగుసుకుపోయింది.

"నా రాతకి ఈడు దిద్దుబాటేటి?"

"దిద్దించుకోండి. నేపోతే పై ఏడు కూడా వంకాయలే," అంది బాలామణి. దాంతో తీర్మానం అయిపోయింది. అన్నం దిగేసరికి పొద్దు వాలింది. ఆ రోజు తిన్నంత ఎప్పుడూ తినలేదని అందరూ అన్నారు.

అప్పటి నుంచి సాయంత్రం కొట్టు కట్టే వేళకి బాపిరాజు వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. మొదట వచ్చింది కంటి పరీక్షల శిబిరం. "ఓల్డ్ మెన్ అండ్ విమెన్"కి కుర్చీలు వేస్తామని మహేశ్వరరావు రాశాడు.

"ముసిలోళ్ళు మగోళ్ళేనా, ఆడోళ్ళు కూడానా? మీ సెల్లి గున్నమ్మ కుర్సీలో కూకుంటే ముసల్దైపోయినట్టా?" అన్నాడు బాపిరాజు.

అరవై దాటిన ఆడవాళ్ళకీ, మగవాళ్ళకీ అని మార్చారు. కొట్లు "క్లోజ్డ్ టిల్ మండే" అంటే సోమవారం తీసినట్టా, మూసినట్టా అని ఇంకో రోజు గొడవ. సోమవారం కూడా మూసే ఉంటాయి, మంగళవారం తీస్తాం అని రాశారు. నీడ్‌ఫుల్ మొదటి వారంలోనే పోయింది. వాక్యాలు గుండు చేయించుకున్నట్టు కురచబడ్డాయి.

దీంతో మహేశ్వరరావుకి కొత్త దిగులు పట్టుకుంది. ఇదివరకు ఏ ప్రకటన పెట్టినా ఫోను మోగుతూనే ఉండేది. కార్యదర్శి అంటే జనానికి ఎంత గౌరవమో అనుకునేవాడు. ఇప్పుడు ఒక్క ఫోను రాదు. చెప్పిన వేళకి అందరూ వచ్చేస్తున్నారు. ఆ గౌరవమంతా అర్థంకాక చేసిన ఫోన్లేనని తెలిసి ఓ పూట అన్నం సహించలేదు. సాయంత్రం బాపిరాజు వచ్చి వాదన పెట్టుకున్నాకే ప్రాణం కుదుటపడింది.

మాఘమాసంలో బాపిరాజుకి మనవరాలు పుట్టింది. గున్నమ్మ మొగుడితో కలిసి కొట్టుకి పిలుపుకి వచ్చి, "వచ్చే ఆదోరం పాపని ఉయ్యాల్లో ఏస్తాం అన్నయ్యా, అందరూ రావాల," అంది.

"ఏ ఆదివారం సెల్లీ?" అన్నాడు మహేశ్వరరావు. "ఎల్లుండి వచ్చీదా, దాని తరవాతదా?"

గున్నమ్మ తడబడింది. బాపిరాజు నోరు తెరిచాడు. అచ్చ తెలుగులో, అదీ సొంత పెళ్ళాం మాటలో, ఇంత తిరకాసు ఉందని అతనికి తట్టనే లేదు. మహేశ్వరరావు ఆ పూటంతా కొట్లో ఈల వేస్తూ తిరిగాడు.

తారీకు, వేళ, ఇంటి గుర్తు తేల్చుకున్నాక బాపిరాజు మెల్లగా అన్నాడు: "గ్రూపులో నువ్వే రాయి బావా. శుభకార్యం కదా, ఒక్క పెద్దమాట పెట్టుకో. నాను అడ్డు సెప్పను."

మహేశ్వరరావు చాలాసేపు ఆలోచించి, మొదట్లో "విత్ గ్రేట్ ప్లెజర్" అని పెట్టి ఫోను అందించాడు.

బాపిరాజు కళ్ళజోడు సర్దుకుని చదివాడు. మళ్ళీ చదివాడు.

"ప్లెజర్ ఎవుల్ది? మాదా, నీదా?"

"ఇద్దర్దీ."

"అయితే ఉంచు," అన్నాడు బాపిరాజు.