ఎవల పళ్ళెం వాళ్ళదే

రెబెక్కకు కోపం ఊకె రాదు. వచ్చిందా, తాండూరు బండల పాలిషింగ్ మిషన్ కూడా ఆమె నోటి ముందట బలాదూరే.

ఆ పొద్దు గా కోపం నెత్తికెక్కింది. షేర్ ఆటోల పెద్దేముల్‌కు పెండ్లికి పోతుంటే తోవ పక్కన బిడ్డ చదివే హాస్టల్ బడి కనబడ్డది. బడి పక్కన కంది చేను. చేన్ల ఒక పిల్ల వంగి కలుపు తీస్తున్నది. ఎవల పిల్లనో పాపం అనుకున్నది. జడ చూసి గుర్తుపట్టింది. తన బిడ్డ మనీషా!

ఇంకేముంది, పెండ్లి బువ్వ గొంతు దిగలే.

రెబెక్క తల్లి మార్త బతుకంత హనుమంతు పటేల్ చేన్ల కలుపు తీసింది. రెబెక్క కూడా చిన్నప్పుడు తల్లి కొంగు పట్టుకొని గా సాళ్ళల్లనే కూలికి తిరిగింది. పెనిమిటి ఇమ్మానుయేలుకు కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీల పని దొరికినంక తాండూరుకు వచ్చిండ్రు. ఆమె బండల పాలిషింగ్‌కు పోతది, పొద్దంత దుమ్ము మింగుతది. ఒక్కటే పంతం ఆమెకు. నా బిడ్డ చెయ్యి మట్టిల పడొద్దు, అంతే.

పాత బడిల మనీషాకు రోజూ పొద్దున కడుపునొప్పే. లెక్క తప్పితే సారు అందరి ముందట నవ్వేటోడు. పిల్ల తల ఎత్తేది కాదు, నోరు తెరిచేది కాదు. ఎవలో చెప్తే విని ఇమ్మానుయేలే జూన్‌ల ఈ బడిల ఏసిండు. "ఈడ ఒళ్ళు, తెలివి, మనసు, ఆత్మ, అన్నీ పెంచుతరట" అన్నడు. "ఆ, పెంచుతరు పెంచుతరు! కంది చేను పెంచుతరు" అని ఇప్పుడు పండ్లు కొరికింది రెబెక్క.

తెల్లారి పనికి నాగా పెట్టింది. టీసీ తీసుకొని పిల్లను వికారాబాద్‌ల ఏస్తనని బయలెల్లింది. తోవ పొడుగున తిట్లు కూడబెట్టుకున్నది.

ఆఫీసు గదిల అడుగు పెట్టిందో లేదో, కాళ్ళు ఆగినయి. కుర్చీల హనుమంతు పటేల్! ఆయన మనుమరాలు వర్షిత కూడా ఈ బడేనట. బడి నడిపే పద్మారాణి మేడం మీద ఆయన అప్పటికే మండిపడుతున్నడు.

"మా పిల్లతోని గిన్నెలు కడిగిస్తరా మేడం? ఆదివారం ఇంటికొచ్చి తిన్న పళ్ళెం తనే కడిగింది. పనిమనిషి ముందట నా ఇజ్జత్ పోయింది! టీసీ ఇయ్యండ్రి, వికారాబాద్‌ల ఏసుకుంట."

తన నోట్లె మాట పటేల్ నోట్లె నుంచి వచ్చింది. అయినా కోపం ఊకుంటదా?

"నా బిడ్డతోని కలుపు తీపిస్తుండ్రు మేడం. మా అసొంటోళ్ళ పిల్లలకేనా గా పని?"

పద్మారాణి మేడం గుస్స కాలే. "ఇద్దరికీ టీసీలు రాసిస్త. జర కిటికీల నుంచి చూడుండ్రి" అన్నది. చేన్ల మనీషా పక్క సాలుల వర్షిత ఉన్నది, మోకాళ్ళ దాక బురద. "కలుపు అందరు తీస్తరు. గిన్నెలు అందరు కడుగుతరు. తలకాయ ఒక్కటే బడికి రాదు కదమ్మా, పిల్ల మొత్తం వస్తది. బువ్వ తిని పోండ్రి, మీ పిల్లల చేతి వడ్డన."

పటేల్ మనుమరాలు కలుపు తీసుడా! రెబెక్క కండ్లను నమ్మలే. అయినా మనసు మెత్తబడలే. వాళ్ళకది ఆట, మాకు రాత అనుకున్నది.

బువ్వకు అందరు ఒకటే వరుసల కూసున్నరు. తినే ముందట పిల్లలు కండ్లు మూసుకొని ఎవల దేవుణ్ణి వాళ్ళు తల్సుకున్నరు. మనీషా పెదవుల మీద మార్త నేర్పిన ప్రార్థన ఆడింది. తర్వాత వర్షిత జొన్నరొట్టెల బుట్ట పట్టుకొని వచ్చి "అత్తా, ఇంకోటి ఏసుకో" అన్నది. రెబెక్క ఆ పిల్ల చెయ్యి దిక్కు చూసింది. గా పటేల్ ఇంట్ల మార్తకు రొట్టె తాకకుంట పై నుంచి చేతుల ఏసేటోళ్ళు.

తినుడయింది. పటేల్ పళ్ళెం ఇడ్సిపెట్టి లేచిండు. ఆయన లేవంగనే రెబెక్క కూడా లేచింది. ఎందుకు లేచిందో ఆమెకే తెల్వదు. వంగి ఆయన పళ్ళానికి చెయ్యి చాపింది. పొద్దుగాల నిప్పులు కక్కుకుంట వచ్చిన మనిషి, సూడుండ్రి!

"అమ్మా, నువ్వు తియ్యకు."

మనీషా వచ్చి నిలబడ్డది. పటేల్ ముఖంల ముఖం పెట్టి, పొగరు లేకుంట, భయం లేకుంట చెప్పింది. "తాతా, ఈడ ఎవల పళ్ళెం వాళ్ళే కడుక్కోవాలె. నల్లా ఆడున్నది. కడుగుడు రాకపోతే నేను చూపిస్త."

పటేల్ ముఖం ఎర్రబడ్డది. "మాఫ్ చెయ్యి పటేలా, చిన్నపిల్ల" అన్న మాట రెబెక్క నాలుక మీదికొచ్చింది. కడుపునొప్పని మంచం దిగని పిల్ల, తల ఎత్తని పిల్ల, ఇదేనా? ఏం తప్పు చేసిందని మాఫీ అడగాలె? మాటను మింగేసింది.

"రా తాతా, మస్తు అల్కగుంటది, కష్టమేం కాదు" అని వర్షిత ఆయన చెయ్యి గుంజింది. పటేల్ అటు చూసిండు, ఇటు చూసిండు, పళ్ళెం తీసుకొని నల్లా కాడికి నడిచిండు. నల్లా ఒక్కసారే తిప్పేసరికి నీళ్ళన్నీ ధోతి మీదనే. పిల్లలు పడి పడి నవ్విండ్రు. కాసేపు గుర్రుగ చూసి, ఆయన కూడా నవ్విండు. "మొక్కై వంగనిది మానై వంగదంటరు. గీ పోరి నన్ను వంగబెట్టింది!"

రెబెక్క పక్కన నిలబడి తన పళ్ళెం కడుక్కున్నది. ఏడ్పొచ్చింది. దాచుకోలే, అందరి ముందటనే ఏడ్చింది. మార్త ఈడ ఉంటే ఎంత బాగుండు అనిపించింది.

"మరి టీసీలు?" అని అడిగింది పద్మారాణి మేడం.

"ముందు నా ధోతి ఆరనియ్యి మేడం" అన్నడు పటేల్.

రెబెక్క కొంగుతోని ముఖం తుడుసుకున్నది. "నా బిడ్డ చేన్ల వంగిందని లొల్లి పెట్ట వచ్చిన మేడం. ఈడ పళ్ళెం కాడ వంగింది నేనే. దాన్ని ఈడనే ఉండనియ్యండ్రి."

మనీషా అప్పటికే తల్లి చెయ్యి పట్టి చేను దిక్కు గుంజుతున్నది. "రా అమ్మా, నా సాలు చూపిస్త!"

రెబెక్క చెప్పులు గట్టు మీద ఇడ్సి బిడ్డ ఎనుక చేన్లకు దిగింది. ఎవలూ కూలికి పిలువకుంట ఆమె చేన్ల కాలు పెట్టుడు గదే మొదలు.