లస్మయ్య సాంచాలు

సుమన టీచర్ తన క్లాసు పిల్లలు చేసిన అట్టను ఇంటికి తెచ్చింది గొప్ప చెప్పుకోవడానికే. తెలుగు నేతకారులు వలసొచ్చిన ఉధ్నాలో ఆమె పనిచేసే బడిలో ఆ ఏడు లీన్ క్లాసు మొదలైంది. పనిలో వృథా ఎక్కడుందో కనిపెట్టాలి, నలుగురూ కలిసి దాన్ని తగ్గించే దారి వెతకాలి, అదీ పాఠం. క్లాసుకు ఖర్చు పెట్టింది బడి ట్రస్టీ అయిన సేట్. ఊరికే పెడతాడా? పిల్లలు తన సాంచాల కార్ఖానాలోనే, అంటే మరమగ్గాల షెడ్డులోనే చూసి నేర్చుకోవాలన్నాడు. సుమన తండ్రి నర్సింగం అక్కడే సాంచాలు నడుపుతాడు కాబట్టి ఆమెకూ అది సులువైంది.

పిల్లలు చెవుల్లో దూది పెట్టుకుని ఆ మోతలో నిలబడ్డారు. ఏ మనిషి ఎటు నడుస్తున్నాడో చూసి, అట్ట మీద సాంచాల బొమ్మలు గీసి, ఒక్కొక్కరికి ఒక్కో రంగు నూలు గుండుసూదుల చుట్టూ తిప్పారు. జట్టుకు పెద్ద, విజేత అనే అమ్మాయి. పాండేసర మిల్లులో రంగులద్దేవాడి కూతురు. పట్టిన పని సగంలో వదలడం ఆ పిల్లకు చేతకాదు.

నర్సింగం అన్నం కలుపుతూనే అట్టను చూశాడు. ముద్ద నోటిదాకా పోలేదు. ఎర్ర నూలు, పచ్చ నూలు, నీలం నూలు, మూడూ తమ సాంచాలు వదిలి గోడవార ఉన్న సాంచాల దగ్గరికి పదే పదే పోయి వస్తున్నాయి. ఎర్రది తనది.

"ఇది ఎవలన్న చూసిన్రా బిడ్డా?"

సేట్‌కు మధ్యాహ్నమే ఫొటో పంపానని సుమన సంబరంగా చెప్పింది. వృథా నడక ఎంత బాగా బయటపడిందో చూడమంది. తండ్రి కంచం పక్కకు జరిపాడు.

గోడవార సాంచాలు లస్మయ్యవి. సిరిసిల్ల నుంచి నర్సింగాన్ని చెయ్యి పట్టుకుని తెచ్చి, కార్ఖానాలో నిలబెట్టి, పని నేర్పిన మనిషి. ఇప్పుడాయనకు చూపు పోయింది. ఆపరేషన్ చేయించినా రాలేదు. సాంచా నడుస్తోందో ఆగిందో చప్పుడును బట్టి చెప్పగలడు గానీ, తెగిన పోగును మాత్రం పట్టలేడు. అందుకని నర్సింగం, అట్ట మీద పచ్చ నూలూ నీలం నూలూ అయిన మరో ఇద్దరు సిరిసిల్లవాళ్లు ఏనాడో మాట అనుకున్నారు: ఊరివాడి సాంచా ఆగనివ్వకూడదు. పోగు తెగితే ఎవరో ఒకరు పోయి అతికి వస్తారు. సేట్ వస్తే లస్మయ్య చెయ్యి తనే నడుపుతున్నట్టు సాంచా మీద ఉంటుంది. పని పోతే కార్ఖానా మీదున్న గదీ పోతుంది. ఆయనకు ఇంకెక్కడా తల దాచుకునే చోటు లేదు.

"నీ పిల్లలు తప్పు గీయలే," అన్నాడు నర్సింగం. "గదే వచ్చింది లొల్లి."

సుమన అట్టను మళ్లీ చేతిలోకి తీసుకుంది. ఒకరికొకరు ఆసరాగా నిలవడమే జట్టు అని వారం వారం బోర్డు మీద రాసి చెప్పింది తనే. అలాంటి జట్టు కళ్లెదుట పనిచేస్తుంటే దానికి వృథా అని పేరు పెట్టిందీ తనే. తన తెలివికి తనకే సిగ్గేసింది.

మర్నాడే సేట్ బడికొచ్చాడు. పిల్లలందరి ముందూ ఫొటో చూపించి, ఈ ముగ్గురూ గోడవారకు ఎందుకు పోతున్నారని అడిగాడు. మంచివాడే, నవ్వుతూనే అడిగాడు. పిల్లలు కొత్త కదా, సూదులు తప్పు గుచ్చి ఉంటారని సుమన హిందీలో అనేసింది.

"మేం చూసిందే పెట్టినం టీచర్," అంది విజేత మెల్లగా.

సేట్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. అయితే శనివారం మళ్లీ చూద్దాం, నేనూ వస్తాను, తప్పుంటే పిల్లలే దిద్దుకుంటారన్నాడు. అది కూడా ఆమె నేర్పిన పద్ధతే.

శనివారం లస్మయ్య సాంచాల వైపు ఎవరూ పోవద్దని సుమన తండ్రిని బతిమాలింది. ఒక్క పూట పోగులు తెగకుండా చూడమని ఏ దేవుడికి మొక్కాలో ఆమెకు తెలియలేదు. ముగ్గురూ సరేనన్నారు. ఆ సంగతి లస్మయ్యకు చెప్పడానికి మాత్రం ఒక్కరికీ నోరు రాలేదు. నువ్వు చెప్తావులే అని వాళ్లలో వాళ్లే ఒకరి మీద ఒకరు వేసుకున్నారు.

శనివారం కార్ఖానాలో సేట్ నిలబడ్డాడు. పిల్లలు అట్ట పట్టుకుని నిలబడ్డారు. కాసేపటికే గోడవార ఒక సాంచా ఆగింది. లస్మయ్య దారాల మీద వేళ్లు పారించి వెతికాడు, దొరకలేదు. తల తిప్పి, రోజూ పిలిచినట్టే గట్టిగా పిలిచాడు.

"నర్సింగం, జర ఇటు రారా."

నర్సింగం కదల్లేదు. ఏమంటున్నాడని సేట్ సుమనను అడిగాడు. నీళ్లు అడుగుతున్నాడని చెప్పింది. ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు.

విజేతకు తెలుగూ వచ్చు, హిందీ వచ్చు. టీచర్ ముఖం కేసి చూసింది. అట్టను పక్క పిల్లకిచ్చి, కుండ దగ్గరికి పోయి, గ్లాసుతో నీళ్లు తెచ్చి ముసలాయన చేతికి తగిలించింది. ఆయన గ్లాసును తడిమి చూశాడు.

"నాకు దూప గాలేదు బిడ్డా. పోగు తెగింది. నర్సింగాన్ని పిలువు."

రెండో సాంచా ఆగింది. లస్మయ్య ఓపిగ్గా నవ్వుముఖంతో నర్సింగం ఉన్న వైపే తిరిగి నిలుచున్నాడు. వస్తాడని ఆయనకు అనుమానమే లేదు. నర్సింగం చూస్తున్నది ముసలాయన వైపు కాదు, కూతురి వైపు. సుమనకు ఏడుపొచ్చింది. ఇంకో అబద్ధం కోసం వెతికింది. ఉంటే ఆడేదే.

"పో నాయినా," అంది.

నర్సింగం పరుగులాంటి నడకతో పోయాడు. వెనకే మిగతా ఇద్దరూ పోయారు. సేట్ మెయిన్ స్విచ్ ఆపించి, అట్ట మీది ఎర్ర నూలు వెంట వేలు పోనిచ్చి, అది ఎక్కడ ముగుస్తుందో చూశాడు. తర్వాత గోడవార కేసి చూశాడు. ఆయనకు అంతా అర్థమైంది. పిల్లలు సరిగ్గానే గుచ్చారు, టీచరే పొరబడిందన్నాడు. కోపం కూడా పడలేదు. గోడవార సాంచాలు సోమవారం నుంచి ఈ ముగ్గురికే పంచుతానని అక్కడే తేల్చేసి, పిల్లల కేసి తిరిగి చప్పట్లు కొట్టాడు. హిందీలో అన్నదంతా అర్థమైనా కాకపోయినా, పిల్లలూ కొట్టారు. విజేత కొట్టలేదు.

హిందీ అంతగా రాని లస్మయ్య ఎందుకురా చప్పట్లని అడిగాడు. నర్సింగం తల ఎత్తకుండా పోగు అతుకుతున్నాడు.

"పిల్లలు గెలిసిన్రు కాకా."

"మంచిదే," అని లస్మయ్య నీళ్ల గ్లాసు కింద పెట్టి తనూ చప్పట్లు కొట్టాడు.