గోల్‌కీపర్‌కు ఎదురుగా

వదినకు ఫుట్‌బాల్ గోల్‌కీపర్‌గా మంచి పేరుంది. పేపర్లలో ఆమె ఫొటోలు బోలెడు పడ్డాయి, అన్నిట్లోనూ వీపే. గోల్ పడితే అక్కడే పడుతుందని ఫొటోగ్రాఫర్లంతా ఆమె వెనక, వల పక్కన కూర్చుంటారు. దూసుకొచ్చే ప్రత్యర్థుల మొహాలు దొరుకుతాయి, వదినవి మాత్రం జెర్సీ, జడ. "కూతుర్ని నంబరు చూసి గుర్తుపట్టాల్సి వస్తోంది" అని ఆమె తండ్రి సణిగేవాడు.

ఆడపడుచు ఒక పేపర్లో ఫొటోగ్రాఫర్. లీగ్ చివరి మ్యాచ్ పని ఆమెకు పడింది. డ్రా చేసుకున్నా కప్పు వదిన జట్టుదే. స్పోర్ట్స్ ఎడిటర్ మాత్రం ముందే చెప్పేశాడు: "గోల్ కొట్టిన మొహం కావాలి. ఇంకేదీ వద్దు."

ఆమె ముందుగానే వెళ్లి మైదానం చుట్టూ తిరిగింది. సెకండాఫ్‌లో వదిన తూర్పు గోల్‌లో, వాలుతున్న సూర్యుడికి ఎదురుగా నిలబడుతుంది. వల వెనక కూర్చుంటే కెమెరా సూర్యుణ్ణే చూడాలి, వచ్చేవాళ్ల మొహాలు నల్లగా మాడిపోతాయి. అదే మైదానం మధ్యగీత దగ్గర, పక్కగీత బయట కూర్చుంటే ఎండ తన వీపు మీదుగా వెళ్లి వదిన మీద పడుతుంది. వెనక ఖాళీ గోడ తప్ప ఇంకేమీ కనపడదు.

విరామంలో వదిన నీళ్లు తాగుతుంటే వెళ్లి, "టోపీ మరీ కిందికి దించకు వదినా, మొహం మీద నీడ పడుతోంది" అంది.

"దించకపోతే నాకు బంతి కనపడదు. నీ ఫొటో కోసం గోల్ ఇచ్చెయ్యమంటావా?"

"వద్దులే. ఎండే దిగొస్తుంది."

అందరూ బాబాయ్ అని పిలిచే పాత ఫొటోగ్రాఫర్ వల పక్కనుంచి కేకేశాడు. "అంత దూరంలో ఏం చేస్తావమ్మాయ్? గోల్ ఇక్కడ పడుతుంది."

"పడదు బాబాయ్" అంది, కెమెరాకు పొడుగు లెన్సు బిగిస్తూ.

చాలాసేపు ఏమీ దొరకలేదు. టోపీ నీడ వదిన ముక్కు దాకా ఉంది. ఆడపడుచు కదల్లేదు. ఎండ మెల్లగా దిగి టోపీ అంచు కిందికి దూరింది, కళ్లు వెలిగాయి. ఒక్క గోల్ కూడా పడకుండా ఆట ముగియబోతుండగా రిఫరీ ప్రత్యర్థులకు పెనాల్టీ ఇచ్చాడు.

బంతి కొట్టే అమ్మాయి అడ్డొచ్చింది. ఆడపడుచు గీత వెంబడి నాలుగు అడుగులు పరిగెత్తి, గడ్డి మీద బోర్లా పడుకుంది. ఇప్పుడు అడ్డం ఎవరూ లేరు. బంతి కదలగానే బటన్ నొక్కి పట్టింది. వదిన గాల్లో అడ్డంగా సాగింది, వేళ్లు తగిలి బంతి పక్కకు పోయింది. కళ్లు బంతి మీదే ఉన్నాయి.

ఆఫీసులో ఎడిటర్ తెర ముందు వంగాడు. "గోల్ ఏదమ్మా?"

"ఆవిడ పడనివ్వలేదు సార్."

ఆయన ఆ ఫొటోను తెర నిండా పెద్దది చేశాడు. "మొదటి పేజీకి పంపు" అన్నాడు.

మర్నాడు పొద్దున అన్నయ్య పేపరు విప్పి, "ఈ చూపు నాకు కొత్తేం కాదు. ఆలస్యంగా వచ్చినప్పుడల్లా తలుపు దగ్గర ఇదే" అన్నాడు.

వదిన నవ్వలేదు. ఫొటోలో తన చేతి మీద వేలు పెట్టి, "ఈ చిటికెన వేలికే తగిలింది. ఇంకా సలుపుతూనే ఉంది" అంది తృప్తిగా.