తూర్పు హద్దు

"...నా పూర్తి మనస్సుతో, ఎవరి బలవంతమూ లేకుండా రాసి ఇచ్చిన దాన దస్తావేజు" అని రాసి శౌరయ్య కలం ఎత్తాడు. సిరా ఆరేదాకా ఊపిరి బిగబట్టడం ఆయన అలవాటు. ఇరవై తొమ్మిదేళ్ళుగా తిరువూరు రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట, ఈ రేకుల పంచలో, ఈ ఏటవాలు చెక్కపెట్టె ముందు బాసింపట్టు వేసుకుని జనానికి దస్తావేజులు రాసిపెడుతున్నాడు. కలం ఒరిసిన నడిమివేలి మీద చింతగింజంత కాయ కాసింది. రాసీ రాసీ మెడ ఎడమపక్కకు ఒరిగి అక్కడే నిలిచిపోయింది. గడ్డం గీసుకునేటప్పుడు అద్దాన్ని వంచుకుంటాడు గానీ మెడను నిలబెట్టలేడు.

ఆ పెట్టె అడుగున, తెల్లకాగితాల కింద, ఆయన నవల ఉంది.

నవ్వకండి. పన్నెండేళ్ళు రాశాడు. ఒక పార్టీ లేచి వెళ్ళి ఇంకో పార్టీ వచ్చి కూర్చునే లోపల రెండు వాక్యాలు, రిజిస్ట్రారు భోజనానికి లేచినప్పుడు అర పేజీ. అందులో నాయిక రిబ్కా. గంపలగూడెం పక్క కూలిపిల్ల. ఇరవై ఒక్క అధ్యాయాలూ ఇంకొకళ్ళ తోటల్లోనే కాయలు కోసింది. కడుపు నిండా ఒక పండు తిన్న పాపాన పోలేదు. ఆఖరికి అత్తింటి గడప దాటి, రేకుపెట్టె నెత్తిన పెట్టుకుని వచ్చి బస్సు ఆగేచోట నిలబడింది. అంతే, అక్కడ ఆగిపోయింది. ఎక్కడికి పోతుందో ఆరు నెలలుగా శౌరయ్యకు తోచడంలేదు.

"పాపం, ఆ పిల్లని ఇంకా ఎన్నాళ్ళు ఎండలో నిలబెడతావయ్యా? కాళ్ళు పీకవూ?" అని పొద్దున భార్య మేరమ్మ క్యారేజీ చేతికిస్తూ అడిగింది.

"ఇయ్యాళ ఎక్కిస్తాను" అన్నాడు.

ఎక్కించక తప్పదు. బెజవాడ నుంచి వారపత్రిక వాళ్ళ ఉత్తరం చొక్కా జేబులో ఉంది. మొదటిసారి వాళ్ళే నవల తిప్పి పంపారు. 'మీ రిబ్కా ఏడ్చినా దస్తావేజు భాషలోనే ఏడుస్తోంది' అని రాశారు. నిజమే మరి. అది అత్తతో పోట్లాడుతూ 'నేను గానీ నా వారసులు గానీ ఎట్టి తగాదా చేయము' అందట! శౌరయ్యకు సిగ్గుతో చచ్చినంత పనైంది. అంతా చించి మళ్ళీ రాశాడు. ఈసారి వేసుకుంటామన్నారు. ముగింపుతో సహా నెలాఖరులోగా అందకపోతే మాత్రం ఆ చోటు ఇంకొకరికి ఇస్తామన్నారు. ఇవాళ ఈ నెలలో ఆఖరి శుక్రవారం. ఇవాళ్టి తపాలా సంచిలో పడితేనే అందుతుంది. సంచి మూడింటికి కట్టేస్తారు. మధ్యాహ్నం ఒక్క గంట దొరికితే చాలనుకున్నాడు.

దొరికితేగా! రేపటినుంచి మూఢం. మళ్ళీ మంచిరోజులు వచ్చేదాకా ఎవరూ ఏ పనీ తలపెట్టరని, మండలాల అవతల నుంచి కూడా జనం వచ్చి పంచ మీద పడ్డారు. అన్నదమ్ముల పంపకాలు, దత్తతలు, దారి ఒప్పందాలు. ఏప్రిల్ ఎండకు రేకులు పెనంలా కాలుతున్నాయి. పొద్దుటి నుంచీ ఎడమ భుజం లాగుతోంది. మెడ పట్టేసిందనుకుని కండువా మడిచి భుజం కింద పెట్టుకున్నాడు. క్యారేజీ మూత తీయలేదు.

ఒంటిగంటకు రెడ్డిగూడెం వెంకాయమ్మ గారు కూర్చున్నారు. డెబ్బై ఏళ్ళ మనిషి. తన మామిడితోట కూతురు శివపార్వతికి రాసివ్వాలి. మొగుడు పోయి పుట్టిల్లు చేరిన పిల్ల ఆ శివపార్వతి, తల్లి పక్కనే కూర్చుంది. తోట మీద వెంకాయమ్మ మరిది కొడుకు కన్నుంది. వాడు గుంటూరు పోయాడు, రేపు వస్తాడు. వాడొచ్చే లోపల పని కావాలి.

శౌరయ్య మూడు కాగితాల దస్తావేజు రాశాడు. చెయ్యి తన పని తాను చేసుకుపోతోంది. మనసు మాత్రం బస్సు ఆగేచోట రిబ్కా పక్కన నిలబడి ఉంది. గన్నవరం పంపుదామా? మళ్ళీ అత్తారింటికే తోలుదామా? ఛీ, అంతకన్నా చంపెయ్యడం నయం.

రెండుంబావుకు దస్తావేజు పూర్తయింది. రాయించుకున్నవాళ్ళకు చదివి వినిపించి, వాళ్ళు ఒప్పుకున్నాకే వేలిముద్ర వేయించాలి. శౌరయ్య గొంతు సవరించుకుని చదివాడు. ఆఖరి కాగితంలో హద్దుల దగ్గరికి వచ్చాడు.

"తూర్పు, రిబ్కా మామిడితోట. దక్షిణం, డొంక..."

"ఆగయ్యా శౌరయ్యా!" అంది వెంకాయమ్మ. "రిబ్కా ఎవరు? మాకు తూర్పున బసవపున్నయ్య తోట గదా!"

శౌరయ్య కాగితం కేసి చూశాడు. గుండ్రటి, నల్లటి, తన అక్షరాలే. తూర్పు: రిబ్కా మామిడితోట.

పక్కపెట్టె దగ్గర దస్తావేజులు రాసే యేసుదాసు పకపకా నవ్వాడు. "అన్నా, ఎవరావిడ? మాకు చెప్పకుండా తోట కూడా రాసిచ్చావే!"

పంచలో అందరూ నవ్వారు. శౌరయ్య నవ్వలేదు. ఒళ్ళంతా చెమట పట్టింది. ఆరు నెలలు బుర్ర బద్దలు కొట్టుకున్నా తనకు తోచని ముగింపు, చూశారా, చెయ్యి రాసిపెట్టింది! దానికొక తోట ఉంది. తన పేరు మీద. పక్క తోటవాళ్ళు హద్దు చెప్పుకోవడానికి దాని పేరు చెప్పుకోవాలి. ఇంకేం కావాలి దానికి? ఈ ఒక్క మాటతో నవల అయిపోయింది. ఆనందం పట్టలేక ఆయనకు ఏడుపొచ్చింది.

"అయ్యో, నీకేమైందయ్యా?" అంది వెంకాయమ్మ. "అట్టా పోనిస్తే రేపు మా మరిది కొడుకు ఈ కాగితం పట్టుకుని కోర్టుకెక్కుతాడు. నా పిల్ల నోట్లో మట్టే."

గడియారం రెండున్నర. పోస్టాఫీసు పది నిమిషాల నడక. ఆ ఒక్క వాక్యం తెల్లకాగితం మీద రాసి, కట్టకు చేర్చి, లేచి పరిగెత్తితే అందుతుంది.

"నువ్వు పో అన్నా, ఆ కాగితం నేను రాసిపెడతాలే" అన్నాడు యేసుదాసు. వాడికి నవల సంగతి తెలుసు.

శౌరయ్య ఒక్క క్షణం లేవబోయాడు. కాళ్ళు కూడా విప్పుకున్నాడు. మళ్ళీ కూర్చున్నాడు.

"వద్దురా. మొదటి రెండూ నా దస్తూరీ, మూడోది నీ దస్తూరీ అయితే కాగితం మార్చారంటాడు ఆ మరిది కొడుకు. ఒకే చెయ్యి ఉండాలి."

"హద్దు కొట్టేసి పైన రాయి మరి."

"హద్దులో కొట్టివేత ఉంటే రిజిస్ట్రారు సారు ఒప్పుకోరుగా."

కొత్త స్టాంపు కాగితం తెప్పించాడు. భుజం కింద కండువా జారిపోయినా సర్దుకోలేదు. సర్వే నంబరు, విస్తీర్ణం, చెట్ల లెక్క, తూర్పున బసవపున్నయ్య తోట. తొందరపడితే అక్షరం చెడుతుందని ఎప్పటిలాగే నింపాదిగా రాశాడు. తపాలా సంచి వేసుకున్న బెజవాడ బస్సు సెంటర్లో హారను కొట్టినప్పుడు ఆయన రాతలో దక్షిణపు డొంక దగ్గర ఉన్నాడు. కలం ఆగలేదు. చదివి వినిపించాడు. ఆమె వేలిముద్ర వేసింది. అడుగున ఎప్పటిలాగే 'దస్తూరీ: శౌరయ్య' అని రాశాడు. జన్మంతా ఇంకొకళ్ళ కాగితాల అడుగునే ఆ పేరు.

తల్లీ కూతుళ్ళు ఆఫీసులోకి వెళ్ళారు. జనం పలచబడ్డారు. యేసుదాసు టీకి లేస్తూ, "రేపు పంపరాదూ? ఒకరోజు ఆలస్యానికి వాళ్ళేమంటార్లే" అన్నాడు.

"ఏమీ అనరు. ఇంకొకళ్ళది వేసుకుంటారు" అన్నాడు శౌరయ్య. "నాకో టీ చెప్పు."

చెడిన కాగితాన్ని కొట్టేసి పెట్టడం రివాజు. ఆయన దాన్ని ముందుకు లాక్కున్నాడు. పెట్టె మూత ఎత్తి నవల కట్ట తీశాడు. యేసుదాసు వెనక్కి తిరిగి చూసినప్పుడు శౌరయ్య మెడ వంచి ఆ కాగితం మీద గీతలు గీస్తున్నాడు.

టీ వచ్చి చల్లారింది.

నాలుగింటికి వెంకాయమ్మ నవ్వుకుంటూ బయటికి వచ్చింది. గోడకు చేరగిలబడి కళ్ళు మూసుకున్న శౌరయ్యను చూసి గొంతు తగ్గించింది.

"పాపం, కునుకు పట్టినట్టుంది. అయిపోయిందయ్యా శౌరయ్యా. అంతా సక్రమంగా అయిపోయింది."

ఆయన పలకలేదు. శివపార్వతి వంగి భుజం తట్టింది. ఆయన మెడ, ఇన్నేళ్ళ తర్వాత, కుడిపక్కకు వాలింది.

సాయంత్రం మేరమ్మ వచ్చేదాకా ఆ పెట్టెను ఎవరూ కదపలేదు. దాని మీద మూత తీయని క్యారేజీ, పత్రిక అడ్రసు రాసి తాడు కట్టిన కట్ట ఉన్నాయి. కట్టకు అడుగున ఆఖరి పేజీగా ఒక స్టాంపు కాగితం ఉంది. దక్షిణం, పడమర, ఉత్తరం మూడు హద్దులతో సహా రాతంతా అడ్డంగా కొట్టేసి ఉంది. తూర్పు హద్దు మాత్రం కొట్టెయ్యలేదు.