నేనింకా తింటున్నాను

వీబ్కే, మీ ఆయనకి వెన్న కావాలంటే లేచి తెచ్చుకుంటాడు, నువ్వు కూర్చో. ఇంకాస్త దగ్గరికి జరుగు తల్లీ. మీ తాతతో అమెరికా వెళ్లినప్పటి సంగతి చెప్తాను. మీ ఆయన విన్నా నాకేం భయం లేదు.

పెళ్లికి ముందు, యుద్ధం అయ్యాక మా ఊళ్లో మకాం వేసిన అమెరికా సైనికుల క్యాంటీన్లో గిన్నెలు తోమాను కదా, అక్కడ వంటబట్టిన నాలుగు ఇంగ్లీషు ముక్కలే ఆ ప్రయాణంలో నా కొంప ముంచాయి. మీ తాతకి ఒక్క ముక్క రాదు. అద్దె కారులో ఊరూరా తిరుగుతూ ఎక్కడ తినడానికి కూర్చున్నా, "గెర్డా, చెప్పు" తప్ప మరో మాట లేదు. "నీళ్లలో ఈ ఐసుగడ్డలేంటి, పళ్లు జివ్వుమంటున్నాయని చెప్పు. కాఫీ మళ్లీ పోస్తోందేంటి, మనం అడిగామా? తింటుండగానే బిల్లు పెట్టింది, లేచి పొమ్మంటోందా? కనుక్కో." ఆయన చిరాకుకి కాస్త చక్కెర అద్ది, నవ్వుమొహంతో వాళ్లకి చెప్పాలి. వాళ్ల జవాబు ఈయనకి కోపం రాకుండా చెప్పాలి. ఈలోగా నా తిండి చల్లారిపోయేది. ఇంకా తింటున్నానని మన అలవాటు ప్రకారం కత్తీ ఫోర్కూ ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టేదాన్ని. అక్కడ ఆ గుర్తు ఎవరికి తెలుసు? మీ తాత పళ్లెం ఖాళీ కాగానే దాంతోపాటు నాదీ ఎత్తుకుపోయేవాళ్లు. పైగా ఈయన, "నీకెప్పుడూ ఆకలి తక్కువే" అనేవాడు. మా అత్తగారూ అంతే. అందరికీ పెట్టి నేను కూర్చునేసరికి, "వండేటప్పుడు రుచి చూశావుగా, ఇంకా ఏం తింటావు?" అనేది. సముద్రం దాటినా ఆవిడ నా వెనకే వచ్చినట్టుంది.

నెబ్రాస్కాలో రోడ్డు పక్క హోటల్లో వడ్డించినావిడ పేరు లొరెట్టా. నా ఈడుదే. "ఎలా ఉన్నావు బంగారం?" అంది నన్ను. ఆ చనువు చూసి మీ తాత మొహం ముడుచుకుని, "ఈవిడ నీకు ముందే తెలుసా?" అన్నాడు. మాంసం, ఉల్లిపాయలతో వేయించిన బంగాళాదుంపలు పొగలు కక్కుతూ వచ్చాయి. ఫోర్కు ఎత్తానో లేదో, "గెర్డా, మాంసం మాడిందని చెప్పు." చెప్పాను. "పాట తగ్గించమను." చెప్పాను. ఒకటా రెండా! మాడిందన్న మాంసం ఆయన ఊడ్చినట్టు తినేశాడు. లొరెట్టా వచ్చి ఆయన పళ్లెం తీసి, నా పళ్లెం వైపు చెయ్యి చాచింది.

రెండు చేతులూ అడ్డం పెట్టేశాను. "నేనింకా తింటున్నాను!" ఎంత గట్టిగా అరిచానో, పక్క బల్లవాళ్లు తిరిగి చూశారు.

లొరెట్టా ముట్టని నా పళ్లెం చూసింది, ఆయన్ని చూసింది. "ఇది చల్లారిపోయింది బంగారం. వేడిగా ఇంకోటి తెస్తానుండు" అంది. తెచ్చింది కూడా.

"గెర్డా, ఐసు వద్దని చెప్పు."

నేను తలెత్తలేదు. "నువ్వే చెప్పు ఎవాల్డ్. నేను తింటున్నాను."

ఆయన గ్లాసు చూపించి చేతులు తిప్పాడు. పాపం లొరెట్టా, నిండా ఐసు పోసి ఇంకో గ్లాసు తెచ్చిపెట్టింది. పళ్లు జివ్వుమంటున్నా తాగాడు.

నీ పిల్లలకి కూడా ఇది చెప్పు వీబ్కే. మీ ముత్తవ్వ ధైర్యవంతురాలనీ అదనీ ఇదనీ చెప్పొద్దు. ఆ బంగాళాదుంపలు ఆఖరి ముక్క దాకా వేడిగా ఉన్నాయని చెప్పు, చాలు.