కెల్లూ దగ్గర ఆగిన వెలుగు

నేనెప్పుడూ ఏదీ రాసినదాన్ని కాదు. ఆరేళ్ళు బడికి వెళ్ళి మానేశాను. నలుగురిలో నోరు విప్పేదాన్నీ కాదు. కెల్లూ సంగతి ఎవరో ఒకరు రాయాలి గనక రాస్తున్నాను.

చాద్ సరస్సు పక్కన, ఇసక దిబ్బల మధ్య మా మడుగు. నీళ్ళ మీద పచ్చటి నాచు తెట్టె కడుతుంది. దాన్ని గిన్నెలతో ముంచి, ఇసకలో తీసిన గుంటల్లో పోసి, నీరు ఇంకాక బిళ్ళలుగా కోసి ఎండబెడితే అదే దిహె. దాంతో కాచిన పులుసు లేకపోతే మా కనెంబు వాళ్ళకి సజ్జసంకటి ముద్ద దిగదు. మగవాడు కాలు పెడితే మడుగు గొడ్డుపోతుంది కాబట్టి ఆడవాళ్ళమే దిగుతాం. అదీ పెద్దామె యకాకా చెయ్యెత్తాక, అందరం ఒకేసారి.

దిగి భుజానికి భుజం ఆనించి వరసలుగా నిలబడతాం. గట్టు వైపు వాళ్ళ మీద పడ్డ ఎండ పక్కామె భుజంలోకి, అక్కణ్ణుంచి ఆ పక్కామెలోకి పాకి, రెప్పపాటులో నడుమ నిలబడ్డ యకాకాను చేరుతుంది. ఆమె అరచేతులు నీళ్ళలో పెడితే తెట్టె చిక్కబడుతుంది. అప్పుడు ముంచుకుంటాం.

కెల్లూ నా పక్కన నిలబడేది. మొగుడు పోయాక ముగ్గురు పిల్లలతో మిగిలింది. అప్పట్నుంచి ఆమెలోకి వెళ్ళిన వెలుగు బయటికి రావడం మానేసింది. లోపలే వేడైపోయేది. ఆమె చుట్టూ నీళ్ళు గోరువెచ్చగా ఉండేవి. ఆ మాట యకాకా చెవిన వేసింది నేనే.

"ఏమే కెల్లూ, వెలుగంతా నువ్వే మింగితే మేమేం ముంచాలి?" అంది యకాకా.

"మింగట్లేదత్తా. నా చేతుల్లోంచి పోవట్లేదు."

"ఈ వారం చూస్తా. ఆ తర్వాత గట్టునే ఉండు."

"గట్టునుంటే పిల్లలకేం పెట్టను?"

నీళ్ళలో దిగనివాళ్ళకి దిహె లేదు. ఆ కట్టడి యకాకా పెట్టింది కాదు.

ఆరో రోజున, ఎప్పుడూ ఎండకి పరదా కట్టే దుమ్ము లేదు. నీళ్ళు కూడా తగ్గి ఉన్నాయి. వెలుగు వరదలా వచ్చి పడింది. యకాకా చేతుల చుట్టూ నాచు తెల్లగా పాలిపోసాగింది.

"చాలు, ఆపండే," అంది.

ఎలా ఆపాలో మాకెవరికీ తెలీదు. ఎన్నడూ ఆపింది లేదు. కెల్లూ వరస దాటి వెళ్ళి యకాకాకీ మాకూ మధ్య దూరి నిలబడింది. వచ్చిన వెలుగంతా ఆమె దగ్గరే ఆగింది. ఆమె చేతులు నారింజరంగుకి తిరిగి, ఎర్రబడ్డాయి. నీళ్ళు ఆవిర్లు కక్కాయి. తెలుపు పాకడం ఆగింది.

పట్నం నుంచి వచ్చి గాజు గొట్టాల్లో నాచు పట్టుకెళ్ళి పరీక్షలు చేసే అమ్మాయొకతె ఆ రోజు మాతోనే దిగింది.

"నాచు లోపలా ఇంతే పిన్నీ," అంది యకాకాతో. "వెలుగు చేతులు మారుతూ నడిమికి చేరుతుంది. మరీ ఎక్కువైతే ఎర్రబడే ముక్కొకటి అడ్డం పడి, ఆ వెలుగుని వేడిగా మార్చి వదిలేస్తుంది. అది లేకపోతే నాచు చచ్చిపోతుంది."

"దాని పేరేంటి?"

"చాలా పొడుగు పేరు."

"మా దగ్గర పొట్టి పేరుందిలే," అంది యకాకా. "కెల్లూ, రేపట్నుంచి నా పక్కన నిలబడు."

కెల్లూ అరచేతులు బొబ్బలెక్కాయి. గిన్నె పట్టుకోలేకపోయింది. మర్నాడు పొద్దున యకాకా చెయ్యెత్తగానే దిగి, తెట్టె చిక్కబడ్డాక ముందు కెల్లూ గిన్నె ముంచి గట్టుకి చేర్చి, తర్వాత నాది ముంచుకున్నాను.