అమ్మ కత్తెర

నా చెల్లెలు అదృష్టవంతురాలు. మా దుకాణానికి బట్టలు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్ళంతా ఆ మాట అనేసి పోతుంటారు. విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

అమ్మను తీసుకుపోయింది హంటింగ్టన్ జబ్బు. ముందు కాళ్ళూ చేతులూ చెప్పిన మాట వినవు, తర్వాత బుర్రా వినదు. తల్లికి ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం. ఇద్దరం రక్తపరీక్ష చేయించుకున్నాం. నాకుంది, దానికి లేదు. పైగా నన్ను కావలించుకుని అదే ఏడ్చింది! ఏడుపు కూడా నాకు మిగల్చలేదు మహాతల్లి.

పెద్దదాన్నని అమ్మ కత్తెర నాకు వచ్చింది. కత్తిరించడం నా పని, కుట్టడం దానిది. ఒకరోజు నా చెయ్యి ఎగిరిపడి, ఎవరిదో కొత్త కోటు గుడ్డ భుజం దగ్గర రెండు ముక్కలైంది. చెల్లెలు కత్తెర తీసుకుని తన మిషను పైన గోడకున్న మేకుకు తగిలించుకుంది. అప్పట్నుంచి నేను బొత్తాలు ఏరుతున్నాను. "కత్తిరింపంటే నీదేనమ్మా" అని జనం దాన్ని మెచ్చుకుంటుంటే, దాని చెయ్యి ఒక్కసారైనా వణకాలని కోరుకునేదాన్ని.

వణకలేదు. రొమ్ములో గడ్డ వచ్చింది. క్యాన్సర్ అన్నారు.

నిజం చెప్పనా? విన్న వెంటనే నా కళ్ళు ఆ మేకు మీదికే పోయాయి.

ఆపరేషన్‌కు ముందు డాక్టరమ్మ ఇంట్లోవాళ్ళ జబ్బులన్నీ అడిగింది. నా చేతుల వంక చూసి, "ఈ జబ్బున్నవాళ్ళలో క్యాన్సర్లు తక్కువగా కనిపిస్తాయి. ఎందుకో ఇంకా వెతుకుతున్నారు. అసలు రాదని మాత్రం కాదు" అంది. బయట బెంచీ మీద కూర్చోగానే చెల్లెలు నా మీద విరుచుకుపడింది.

"అమ్మ కత్తెర నీకే, అమ్మ జబ్బూ నీకే, ఆ జబ్బుతో వచ్చే రక్షణా నీకే! నాకేమిచ్చింది?"

"నీకేమైనా పిచ్చా? నా బతుకు చూసి కుళ్ళుకుంటున్నావా?"

"అవును, కుళ్ళుకుంటున్నాను. ఏం, నువ్వొక్కదానివే కుళ్ళుకోవాలా?"

ఇన్నాళ్ళూ దానికి తెలియదనుకున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, నన్ను చూసి కూడా ఒకరు ఏడుస్తున్నారంటే ఒక్క క్షణం హాయిగా అనిపించింది.

ఆపరేషన్ అయ్యాక దాని కుడిచెయ్యి భుజం దాటి లేవలేదు. తల మీదుగా తొడుక్కునేవి వద్దన్నారు. ముందు బొత్తాలుండే వదులు చొక్కా కావాలి. కుర్చీ ఎక్కి, ఎడమచేత్తో కత్తెర దించి నా ముందు పెట్టింది.

"నువ్వే కత్తిరించు అక్కా. నీదేగా."

ఎన్నాళ్ళ కోరిక! సుద్దగీత మీద మొదలుపెట్టాను. జానెడు దూరం బాగానే నడిచింది. తర్వాత చెయ్యి ఎగిరింది. అయినా ఆపలేదు, పళ్ళు బిగపట్టి చివరిదాకా కత్తిరించాను.

ఆ వంకర గుడ్డనే చెల్లెలు కుట్టుకుని తొడుక్కుంది. అంచు ఒకవైపు పైకి, ఒకవైపు కిందికి.

"ఎలా ఉంది?" అన్నాను.

"దరిద్రంగా ఉంది" అని పడీపడీ నవ్వి, నొప్పికి మొహం చిట్లించింది. "ఉండనీ. ఇకనుంచి నువ్వే కత్తిరించు. నేనుంటానో లేదో."

అప్పుడొచ్చింది నాకు కోపం. కత్తెర లాక్కుని దాని మేకు దగ్గరికి పోయాను. పిడి మేకుకు అందక గోడంతా గీరుకుపోయింది. తగిలించేదాకా వదల్లేదు.

"నీ చెయ్యి అక్కడిదాకా లేచేవరకు దాన్నెవరూ ముట్టుకోరు" అన్నాను. "లేపు. వింటున్నావా? నువ్వు కత్తిరిస్తుంటే చూసి కుళ్ళుకోవాలి నేను."